మీటరును కాక బల్బును నమ్మిన ఎలక్ట్రీషియన్

1992 జూలై ఆరవ తేదీ ఉదయం, చొక్కా జేబులో ఒక పాత స్క్రూడ్రైవరుతో మా వర్క్‌షాపులో సహాయ ఎలక్ట్రీషియన్‌గా ప్రవేశించిన మా ఫోర్‌మన్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మంచి మాటలు నాకు అసలే తక్కువ.

తొలినాళ్లలో స్టార్టర్ మోటార్లు విప్పి బిగించిన వారు, కంప్యూటర్ బండ్లు వచ్చాక విద్యుత్ విభాగ బాధ్యతను స్వీకరించి, అనంతరం ఫోర్‌మన్ పదవిని అలంకరించారు. ముందు చేరినవాణ్ణి నేను. వరుస ప్రకారం ఆ కుర్చీ నాది. ఇది అభినందన వ్యాసం గనుక అంతటితో ఆపుతాను.

వారు ఫోర్‌మన్ కాకముందు ఒక టాక్సీ వచ్చింది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు వేడెక్కితే గాని పనిచేయదు. దాన్ని వేడిచేసే హీటరుకు కరెంటు అందకపోతే డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. వారు ఆ హీటరుకు కరెంటు తెచ్చే తీగ చివరి ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి, పన్నెండు వోల్టులు చూసి, “తీగ బాగుంది, సెన్సారే పోయింది, మార్చెయ్” అన్నారు. మార్చాను. వారం తిరక్కుండా అదే దీపంతో టాక్సీ తిరిగొచ్చింది.

“కొత్తదన్నావ్! పాతదే తుడిచి పెట్టావా ఏంటి? రేపు పొగ పరీక్షలో బండి ఆపేస్తే నా ఇల్లు నువ్వు నడుపుతావా?” అని డ్రైవరు నా మీద విరుచుకుపడ్డాడు. యజమాని విచారణ ఏమీ లేకుండానే, “నీ సామాను సర్దుకో” అన్నారు.

మా ఫోర్‌మన్ గారు వచ్చి పాత ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు కట్టి ప్లగ్గుకు తగిలించారు. మీటరు ఒక్కటే పెడితే పన్నెండు వోల్టులూ ఉన్నాయి. బల్బు మాత్రం ఎర్రబడనైనా లేదు. తడుముతూ పోతే, ఇనుప క్లాంపుకు రాసుకున్నచోట తీగ లోపల తెగి, చిలుము పట్టిన ఒక్క పోగు మిగిలింది. కరెంటు పెద్దగా లాగని మీటరుకు ఆ పోగు చాలు. హీటరుకు చాలదు.

“తప్పు నాది సార్. మీటరు చూసి మోసపోయాను. వీడు నేను చెప్పిందే చేశాడు. సర్దితే నా సామాను సర్దండి.”

యజమాని గొణుక్కుంటూ లోపలికి వెళ్లారు. తీగ అతికాక బల్బు భగ్గున వెలిగింది.

“ఈ బల్బేదో మొన్నే పెట్టుంటే నాకీ తిప్పలు తప్పేవి కదన్నా!” అన్నాడు డ్రైవరు.

“తప్పేవే బాబూ.”

బల్బు వెలగనిదే సెన్సారు మార్చరాదన్న నియమం నాటినుంచి అమలులో ఉంది. కుర్చీ విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయితే ఆనాడు వారు నోరు మెదపకపోయి ఉంటే, ఇది రాయడానికి నేనిక్కడ ఉండేవాణ్ణి కాను.

వారికీ, ఇన్నేళ్లూ ఆ గ్రీజు చొక్కాలు ఉతికిన వదినగారికీ నిండు ఆరోగ్యమూ, నూరేళ్ల ఆయుష్షూ కలగాలి. వారి సొంత బండిలో ఎన్నడైనా ఆ దీపం వెలిగితే నా దగ్గరికే రావాలి. వారు స్టూలు మీద కూర్చుని చూడవచ్చు. ముందు బల్బే పెడతాను.