ఒరెస్తె లెక్కపెట్టిన సిరాచేపలు

ఒరెస్తె కాఫీలో నాలుగు చుక్కల మిస్త్రా సారా పడిందంటే ఇక అతని కోతలు వింటూ ఆ రేవులో ఎవరి పనీ సాగదు. ఆ పొద్దున పడవలన్నీ వచ్చేశాక జాలర్లంతా గట్టు పక్క కాఫీ బారులో చేరారు. డాక్టర్ లోరెదానా అప్పటికే ఓ మూల దిగాలుగా కూచుని ఉంది. సిరా కక్కే కటిల్‌ఫిష్, అదే సిరాచేప, ఏటా ఎంత పుడుతోంది, అందులో ఎంత పట్టుకుంటే జాతి నిలుస్తుంది అని లెక్క తేల్చే మనిషి ఆవిడ. వారం నుంచి ఇవాల్దో అనే జాలరి పడవలో తిరిగి అందరి వలబుట్టలూ పైకి తీయించి చూసింది. గుడ్లు అంతంతమాత్రం. ఇలాగే ఉంటే వచ్చే వసంతంలో ఒక్కో పడవకి సగం బుట్టలే వేయనిస్తారని మెల్లగా చెప్పింది. ఇవాల్దో వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. అతని పడవ చిన్నది, వేరే వేట లేదు, సగం బుట్టలంటే ఇంట్లో సగం కడుపే. ఇక చూడాల్సింది రాళ్ళగట్టు అవతల ఒరెస్తె వేసిన వరస ఒక్కటే.

"నీ బుట్టల సంగతేంట్రా?" అన్నాడు ఇవాల్దో. అడిగాక నాలుక్కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఒరెస్తె కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

మొదలు బాగానే మొదలెట్టాడు. మార్చిలో అందరిలాగే తనూ బుట్టలు దింపాడట, లోపల బిర్యానీ ఆకు కొమ్మలు కట్టాడట, గుడ్లు పెట్టుకోడానికి ఆడ సిరాచేపలు ఆ కొమ్మలంటే పడి చస్తాయి గదా, మొదటిరోజు రెండో మూడో పడ్డాయట. ఇందులో అబద్ధమేముంది? ఇవాల్దో కూడా తలూపాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా డాక్టరమ్మా? వాటిల్లో వాటికి కబురు పాకిపోయింది, ఒరెస్తె చెయ్యి మంచిదని. తెల్లారేసరికి బుట్టల్లో చోటు లేదు. దూరలేనివి తాడు మీద పెట్టేశాయి, లంగరు మీద పెట్టేశాయి, పడవ అడుగున పెట్టేశాయి. ఎటు చూసినా నల్లద్రాక్ష గుత్తుల్లా గుడ్లే. ఇంజను వేస్తే పడవ కదిలితే ఒట్టు. సరే, ఓ కాలు నీళ్ళలోకి వేలాడేసి కునుకు తీశాను. లేచి చూద్దును గదా, బూటు నిండా గుడ్లు. విప్పితే పాపం కదా, అవి పిల్లలయ్యేదాకా కాలు తియ్యలేదు. గోరంత పిల్లలు, బూటు ఎటెళ్తే అటు, తల్లి వెనక పడ్డట్టు."

"ఏ కాలు?" అంది పాల్మీరా. ఒరెస్తె పక్కింటావిడ, బఠాణీలు ఒలుస్తూ తల ఎత్తలేదు.

"ఎడమకాలు పిన్నీ. కుడి బూటుకి చిల్లు."

అందరూ ఘొల్లున నవ్వారు. ఇవాల్దో నవ్వలేదు. వీడి మాటలో ఎంత తీసేయాలో అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. బూటు తీసేయి, లంగరు తీసేయి, పడవ అడుగు తీసేయి. పదో వంతు మిగిలినా చాలు, గండం గట్టెక్కినట్టే అని లోపల్లోపల మొక్కుకుంటున్నాడు.

లోరెదానా కూడా నవ్వాపుకుంటూ, అన్నిట్నీ ఎలా లెక్కపెట్టావు, లెక్కేసినదాన్నే మళ్ళీ లెక్కేయడం మాకు పెద్ద తలనొప్పి అంది.

"అదేం బ్రహ్మవిద్యా? ఈలేశాను. పొట్టివి ముందు, పొడుగువి వెనక వరస కట్టాయి. రంగులు మార్చేవే గదా, లెక్కలోకొచ్చినవాళ్ళు తెల్లబడండమ్మా అన్నాను. తెల్లబడ్డాయి. ఒకావిడ మహా గడుసుది, మళ్ళీ నల్లబడి వరస చివర నిలబడింది. ఇంటికి పోవే అని గదిమాను."

అక్కడితో ఆగాడా? అవతలి ఒడ్డున క్రొయేషియాలో సముద్రం ఖాళీ అయిపోయి, వాళ్ళ పెద్దలు పడవేసుకొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారట. జాలిపడి సగం మందని సాగనంపాడట. విడిచి వెళ్ళలేక అవి ఏడ్చి ఏడ్చి సిరా కక్కితే, అంకోనా పట్నం దాకా నీళ్ళు నల్లబడి, బడిపిల్లలు వారంపాటు సముద్రంలోనే కలాలు ముంచుకుని రాసుకున్నారట.

లోరెదానా లేచి నిలబడింది. "పద ఒరెస్తె, ఇప్పుడే చూసొద్దాం. బుట్టకో మంచి గుత్తి ఉన్నా చాలు, ఈ రేవు లెక్క మారిపోతుంది. సగం కోత ఉండకపోవచ్చు."

ఇవాల్దో అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఒరెస్తె మాత్రం గాలి లేస్తోందన్నాడు. బయట సముద్రం పళ్ళెంలో నూనెలా ఉంది. ఇంజను మొరాయిస్తోందన్నాడు. నా పడవలో వెళ్దాం రా అన్నాడు ఇవాల్దో.

పాల్మీరా బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. "అంత దూరం ఎందుకమ్మా, మా దొడ్లోకి రా. ఆదివారం అందరూ చర్చిలో ఉంటే ఈ ఒరెస్తె బుట్టలన్నీ ఇంటికి మోసుకొచ్చి, నీళ్ళగొట్టం పెట్టి కడిగాడు. ఆ గుత్తులన్నీ నా కంచె కిందకి కొట్టుకొచ్చాయి. కోళ్ళు పండగ చేసుకున్నాయి. ఆమ్లెట్ వేస్తే ఒకటే నీచు వాసన, మా ఆయన కోళ్ళు వేటకి పోతున్నాయా అని అడిగాడు."

ఎవరూ నవ్వలేదు. పిల్లలు బయటికొచ్చేదాకా బుట్టలు నీళ్ళలోనే ఉంచాలని నిరుడు అందరూ కలిసి అనుకున్న మాట. అప్పుడు ముందు చెయ్యెత్తింది ఒరెస్తే.

"వచ్చేవారం టూరిస్టులొస్తున్నారు, వాళ్ళని తిప్పడానికి బుట్టల పని ముగించి పడవ ఖాళీ చేసుకోవాలి గదా," అని గొణిగాడు.

ఇవాల్దోకి కోపం ముంచుకొచ్చింది. "చేపలు గుడ్లు పెట్టి చచ్చిపోతాయిరా. ఆ గుడ్లే మన వచ్చే ఏడు. దాన్ని గొట్టం పెట్టి కడిగేశావు."

ఇంకా కొన్ని వారాలు ఆడచేపలు వస్తూనే ఉంటాయని, ఇవాళే కొత్త కొమ్మలు కట్టి దింపితే కొంతైనా దక్కుతుందని, అప్పుడు మళ్ళీ వచ్చి లెక్కపెడతానని లోరెదానా అంది. "మరి నా టూరిస్టుల సంగతి?" అన్నాడు ఒరెస్తె.

ఇవాల్దో అతని రెక్క పుచ్చుకుని లేపాడు. "వాళ్ళని గట్టుమీద కూచోబెట్టి ఇప్పుడు చెప్పిందంతా చెప్పు, సముద్రం చూసినట్టే ఉంటుంది. పడవ మాత్రం బుట్టలకే."

ఒరెస్తె తన తరఫున మాట్లాడేవాళ్ళ కోసం చుట్టూ చూశాడు. పాల్మీరా పిన్ని లేచి తలుపు తీసి పట్టుకుంది.