రెండు విస్తర్లు

దంతాలపల్లి. సాయంత్రం. ఐలమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. చెల్పూర్‌లో ఉద్యోగం చేసే బిడ్డ కల్యాణి పక్కనే బట్టలు సర్దుకుంటున్నది.

“గా స్వెట్టర్ గూడ వెట్టుకో.”

“వెట్టిన.”

“రైల్ల ఎవలన్న బిస్కీట్ ఇస్తె...”

“తిన. నీళ్లకు దిగ. తలుపుకాడ నిలవడ. ఇగ చాలా అవ్వా?”

“మెట్రోల చున్నీ తలుపుల వడ్తదట.”

“చున్నీ ఏసుకుంటె గద! సంధ్య, పద్మలత ఇద్దరున్నరు నాతోని. ఢిల్లీ జూడనీకి పోతున్నం, యుద్ధానికి గాదు.”

“ఆడ గాలే మంచిగ లేదట. టీవీల మొఖాలకు గుడ్డలు గట్టుకొని తిరుగుతుండ్రు. మన రామప్పకు పోయి రారాదుండ్రి?”

“రామప్పను ఎన్నిసార్లు జూడాలె?”

“ఢిల్లీల ఏమేం జూస్తరు?”

“ఇండియా గేటు. అటెన్క కుతుబ్ మీనారు. అటెన్క ఎర్రకోట.”

“ఎర్రకోట ఆఖర్లనా?”

“ఆఖర్లనే.”

“ఎందుకు ఆఖర్ల?”

“ఎందుకేంది? ఏదో ఒకటి ఆఖర్ల ఉండాలె గద.”

“మీ అన్న గూడ గట్లనే జూసిండు. ఇండియా గేటుకాడ ఫోటో దిగి పంపిండు. మీనారుకాడొకటి. ఎర్రకోటకాడ జామకాయ తినుకుంట ఒకటి.”

“అవ్వా...”

“అటెన్క ఫోన్ బందైంది. ఎంబడి పోయిన పోరగాండ్లు ఇంటికొచ్చిండ్రు. సాకేత్ రాలే.”

“ఏండ్లాయె గద. ఇప్పుడెందుకు గదంత?”

“నువ్వు తిరుగనీకి పోతలేవు బిడ్డా.”

“తిరుగనీకే పోతున్న.”

“మరి వాని ఫోటో ఎందుకు వెట్టుకున్నవ్ బ్యాగుల?”

“నా బ్యాగెందుకు జూసినవ్?”

“మురుకులు వెడ్దమని తీసిన. నీ బట్టల కింద నవ్వుకుంట ఉన్నడు.”

“...సరే. దేవులాడ్త. పోలీసోళ్లు దేవులాడిండ్రు. బాపు దేవులాడి దేవులాడి మంచం వట్టి పాయె. నేనొక్కదాన్నే దేవులాడలే, అప్పుడు చిన్నదాన్నని. ఎర్రకోట ముంగట బండ్లోళ్లకు ఫోటో చూపిస్త. తప్పా?”

“తప్పంటలేను. పోకు అంటున్న. ఒకల్ని మింగింది గా ఊరు.”

“మింగుడేంది? అన్న బతికే ఉన్నడని నువ్వే అంటవ్ గద.”

“అంట.”

“పోయినేడు పెత్రమాసకు రాములమ్మ పెద్దమ్మ ఏమన్నది? ‘సాకేత్ పేరు మీద గూడ అయ్యగారికి బియ్యం ఇయ్యి ఐలమ్మా’ అన్నది. నువ్వు బియ్యం చాట ఇసిరికొట్టినవ్. ‘సచ్చినోళ్లకు ఇస్తరు, నా కొడుక్కెందుకిస్త’ అని వాడంత ఇనవడేటట్టు మొత్తుకున్నవ్.”

“అవును, మొత్తుకున్న.”

“మరి?”

“ఈ కాయలన్ని ముదిరినయ్, జూడు.”

“మాట తప్పియ్యకు. అన్న నీ కలలకు ఇంక వస్తుండా?”

“ఎండకాలం అంత వచ్చిండు. గడప అవుతల్నే నిలవడి ‘అవ్వా ఆకలైతుంది’ అనేటోడు. లోపలికి రారా అంటె రాడు. నేను బువ్వ కలిపేసరికి మెలుకువొచ్చేది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు వస్తలేడు.”

“ఎప్పటిసంది?”

“బతుకమ్మల సంది.”

“ఎందుకు?”

“కల్యాణీ, ఎర్రకోటకాడ వాని లెక్క ఎవలన్న కనవడ్తె ఉరికి చెయ్యి వట్టకు. పేరు వెట్టి పిలువకు. ముందుగాల కాళ్ల దిక్కు జూడు.”

“కాళ్లేందే? అన్నేమన్న దయ్యమా? నువ్వేనా గిట్ల మాట్లాడేది?”

“మన సాకేతే అయితె... ఆకలి తీరిందా కొడుకా అని అడుగు.”

“అవ్వా. నా దిక్కు జూడు. ఏం జేసినవ్?”

“ఈ పెత్రమాసకు నువ్వు డ్యూటీల ఉంటివి. అయ్యగారికి రెండు విస్తర్ల బియ్యం ఇచ్చిన బిడ్డా. ఒకటి మీ బాపుకు.”