కడుపు తెరిచినాక

కంప్లేంట్ ఇస్తే ఇచ్చుకోండి రామక్కమ్మా, నేనేం వద్దనను. కానీ వార్డులో నిలబడి, మీ కోడలు వినేట్టు "గొడ్రాల్ని చేసేసినారు" అంటే మాత్రం ఊరుకోను. అందుకే ఈ రూముకు పిలిపించినాను. కూర్చోండి. గొంతు పెంచితే నేనూ పెంచుతాను. నేనూ కోరమండల్ లైన్లలో, గని కూలోళ్ల ఇండ్లల్లో పుట్టినదాన్నే.

ఏమంటారు? అపెండిక్స్ కోసే డాక్టరువి, ఆడోళ్ల గర్భం జోలి నీకెందుకు అనా?

సరే, వినండి. నేను జనరల్ సర్జన్ని. పేగు మెలిపడితే నేను, రొమ్ములో గడ్డైతే నేను, ఎద్దు కుమ్మి పొట్ట చీలితే నేను. కాన్పులూ గర్భసంచీ చూసేది ఇంగొక డాక్టరమ్మ. నిజమే. ఆయమ్మ ఆ పొద్దు సెలవు.

మీ కొడుకు మునేష్, పెండ్లాన్ని ఎత్తుకొచ్చినాడు, మిట్టమధ్యాన్నం. కడుపునొప్పి, అపెండిక్సేమో అన్నాడు. పవిత్ర చెయ్యి పట్టుకుంటే నాడి దారం మాదిరి ఆడతా ఉండాది. రెప్ప లాగి చూస్తే సున్నం మాదిరి తెల్లగుండాది. స్కాన్ పెడితే కడుపునిండా రక్తం. బిడ్డ గర్భసంచిలో నిలవలేదమ్మా, పక్కనుండే ట్యూబులో నిలిచింది. అది పగిలింది. ఆ బిడ్డను ఏ డాక్టరూ నిలపలేడు.

కోలారు పెద్దాసుపత్రికి పంపాల్సిందా? పంపుండొచ్చు. నాకు అదే సుఖం. బంగారపేట దాటకముందే ప్రాణం పోయుండు, మీరు "దారిలో పోయింది, రాత" అనుకుందురు. నన్నెవరూ ఒక్క మాట అడగరు.

మునేష్‌ను అడగలేదా? అడిగినాను. మీకు ఫోన్ చేసినాడు. "గర్భం దగ్గర కత్తి పెట్టనీయద్దు" అన్నారు మీరు. అది పవిత్ర కూడా విన్నాది. నా చెయ్యి పట్టుకుని, "నేను చెప్తా ఉండా కదా డాక్టరక్కా, కొయ్యండి" అన్నాది. ఆ పిల్ల ఒళ్లు, ఆ పిల్ల మాట. ఇంగెవర్ని అడగాల?

పగిలిన ట్యూబు తీసినాను. గర్భసంచి అట్లే ఉండాది, రెండో ట్యూబూ బాగుండాది. బిడ్డలు కలగొచ్చు. కలక్కపోనూవచ్చు. దానికని రాయల్పాడుకు, పుట్టింటికి తోలేస్తామని ఆ పిల్లతో అన్నారంట. కుట్లు మానేదాకా ఆమె నా పేషెంటు. యాడికి పోవాలో ఆమే చెప్తుంది, మీరు కాదు.

ఏడవద్దండి. నేను తిట్టడానికి పిలవలేదు.

ఒక మాట చెప్తాను, కంప్లేంట్‌లో ఇదీ చేర్చుకోండి. చదువుకునేటప్పుడు అట్లా ట్యూబు తీస్తా ఉంటే పక్కన నిలబడి చూసినాను. నా చేత్తో తీసింది లేదు. మీ కోడలి పొట్ట తెరవంగానే రక్తం పైకొచ్చింది, లోపల ఏమీ కనబడలేదు. భయపడినాను. మత్తిచ్చే మునీంద్ర సార్ నా మొగం చూసి, తల దించుకున్నాడు. చెయ్యి లోపలికి పెట్టి, తడుముకుంటా పోయి, పగిలిన చోట వేళ్లతో నొక్కి పట్టినాను. భయం పోలేదు. రక్తం ఆగింది.

రేపు ఇంగొకామె ఇట్లే వస్తే, ఆ డాక్టరమ్మ లేకపోతే, ఇట్లే భయపడతా కోస్తాను. పోయి చెప్పుకోండి.