ఉప్పు కాపడం

కైకలూరు శివార్లో ఒక రేకుల ఇల్లు. మే నెల సాయంత్రం. చేపల పట్టుబడిలో వల లాగుతుంటే భుజం పట్టేసిన కృపావరం వసారాలో చాప మీద ఉన్నాడు. ఐసు వేసి చేపలు సర్దే షెడ్డు నుంచి ఇప్పుడే వచ్చిన భార్య సువర్ణ పొయ్యి దగ్గర ఉంది.

"మళ్ళీ ఐసా? ఐసు మాట నా దగ్గర ఎత్తకండి."

"ఐసు కాదే. అది మొన్నటి మాట. వాపున్నప్పుడు ఐసు, వాపు తీశాక కాపడం అని ఆసుపత్రిలో సిల్వియా సిస్టరు చెప్పారుగా. వాపు తీసింది, ఇంక కాపడమే."

"తెలుసండీ. అందుకే కదా ఉప్పు వేయిస్తున్నా. మొన్న షెడ్డులోంచి ఐసుముక్క తువ్వాల్లో చుట్టుకొస్తుంటే, పొద్దస్తమానం ఐసులో ఉండి ఇంటిక్కూడా ఐసేనా అని ఏడుపొచ్చింది నాకు."

"నాకూ బెంగగానే ఉందిలే. మనం ఐసులో పెట్టేది చచ్చినవాటినే కదా."

"చాల్లెండి ఆ మాటలు. చొక్కా తియ్యండి. చెయ్యెత్తండి."

"ఎత్తాను."

"ఎక్కడెత్తారు? ఇంతేనా?"

"పొద్దుటికంటే మేలే."

"మేలూ లేదు గీలూ లేదు. రేపు మీరు పట్టుబడికి వెళ్ళట్లేదు."

"వెళ్ళకపోతే ఎలాగే? కలిదిండిలో పెద్ద చెరువు పట్టుబడి ఉంది, ఆసామి పాండురంగారావు గారు మనిషిని పంపారు. కొల్లేట్లో చేపల చెరువులు గవర్నమెంటోళ్ళు కొట్టేశాక పనెక్కడుంది చెప్పు? రేపు నేను లేకపోతే నా వల తాడు ఇంకోడు పట్టుకుంటాడు. పట్టుకున్నోడు వదుల్తాడా?"

"పట్టుకోనివ్వండి. భుజం పోయాక మీరు ఏ తాడు పట్టుకుంటారు? వారం రోజులు ఇంట్లో ఉండండి. నేను లేనూ?"

"నీ ఒక్కదాని చేతుల మీద..."

"ఆ, నా చేతుల మీదే. ఏం, లోకువా?"

"లోకువని కాదే. అలిసిపోయున్నావు. నీ గొంతులోనే తెలుస్తోంది."

"అలుపు ఎవరికి లేదు? అటు తిరగండి. ఉప్పు మూట పెడుతున్నా."

"అబ్బా! సువర్ణా! కాలుతోందే!"

"కాలదు. ఇప్పుడేగా నా చేతికి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు."

"తోలు ఊడొచ్చేలా ఉంటే గోరువెచ్చనంటావేంటే!"

"మగాళ్ళకి ఓర్పు లేదండీ. మా అమ్మ కాపడం పెడితే మా నాన్న కిక్కురుమనేవారు కాదు."

"తియ్యవే తల్లీ! తియ్యి!"

"తీశాను. సరే, ఇంకో గుడ్డ చుడతా."

"ముందు నీ చేతికి పెట్టి చూడు."

"చూశానంటున్నానా. ఇదిగో, అరచేతిలోనే ఉంది. చాలా?"

"ఎప్పట్నుంచి?"

"పొయ్యి మీంచి దించిన దగ్గర్నుంచీ. ఏం?"

"ఏదీ, ఆ చెయ్యి ఇటియ్యి."

"నా చెయ్యెందుకు? మీ భుజం సంగతి చూసుకోండి."

"ఇటియ్యమన్నానా. ఇదేంటే, బొబ్బ!"

"ఎక్కడ?"

"ఎక్కడంటావేంటి, అరచేతి నడిమిన!"

"ఓ, అదా. పొద్దున ట్రే గీరుకుందిలెండి."

"గీరుకుంటే నీళ్ళబొబ్బ వస్తుందా? అటు చూడు. చెయ్యి నాకిచ్చి అటు చూడు. వేళ్ళు నొక్కుతున్నా. నొప్పుందా?"

"ఉంది."

"నేనింకా నొక్కలేదు సువర్ణా. అందుకేనా, ప్రార్థనప్పుడు బైబిల్లో పేజీ నన్ను తిప్పమంటున్నావు?"

"పేజీలు పల్చన కదండీ. దొరకట్లేదు."

"ఎన్నాళ్ళైంది?"

"ఐసు పనోళ్ళందరికీ కాస్త మొద్దుబారుద్దండీ. చలికి."

"ఇది మే నెలే. నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఈ భుజంతోనే రేపు చెరువులో దిగుతారు. మీ సంగతి నాకు తెలీదా? అటు తిరగండి, మూట చల్లారిపోతుందేమో. ఈసారి కాలుతుంటే ముందే చెప్పండి. నాకు తెలియట్లేదు."