తట్టినవాడి బద్ద

పాతగూడెం బావి తెలుసుగా మీకు? వాగు దాటి, మనం ఇప్పపూలు ఏరుకునే చోటూ దాటి, ఇంకా అవతలికి పోతే కూలిపోయిన గోడలు కనబడతాయి, వాటి మధ్య ఆ బావి ఉంటది, బావి నోటికి అడ్డంగా విల్లులకి పనికొచ్చే తడ చెట్టు ఒకటి పడి ఉంటది. మేకలు కూడా అటు మేతకు పోవు. ఎందుకు పోవో చెప్తా గానీ, ముందు ఆ కుంపటి ఇటు జరపండి, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మధ్యలో ఎవరన్నా కిసుక్కుమన్నారంటే లేచిపోతా, నవ్వుకునే సంగతి కాదిది.

మన ఊళ్ళో పూనెం జోగయ్య అని విల్లులు చేసేవాడు ఉండేవాడు. ఆయనకి ఎర్రయ్య అని ఒక్కడే తమ్ముడు, తల్లీ తండ్రీ పోయాక తనే పెంచి, తనే పెళ్ళి చేశాడు, వాడంటే ప్రాణం. పెళ్ళయి రెండు నెలలు కాలేదు, విత్తనాల పండగ వచ్చేసింది. పండగ వేటకి మగాళ్ళందరూ పోవాలి గదా, పోనోడి మీద ఆడాళ్ళు పేడనీళ్ళు పోస్తారు, ఆ ఏడు ఎర్రయ్య విల్లు చూస్తే నిలువునా చీలి ఉంది. కొత్త పెళ్ళాం ఊరుకుందా? చేతిలో విల్లు లేకుండా ఇంట్లో కూర్చున్న మొగుడి మీద మొదటి పేడనీళ్ళ కుండ నేనే పోస్తానంది. సరసానికే అంది లెండి. కానీ ఎర్రయ్య మొహం మాడిపోయింది, అది జోగయ్య చూశాడు, పండగ లోపల వాడి చేతిలో విల్లు పెడతానని అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

ఇచ్చాడు సరే, కట్టె ఎక్కడిది? పండగ ముందు నెల పచ్చచెట్టు మీద గొడ్డలి పెట్టకూడదు మనం, పడిపోయిన చెట్టే వెతుక్కోవాలి. పడ్డదల్లా పనికొస్తుందా మరి? నేలకి ఆనిన వైపు నెమ్ము తినేసి ఉంటది, బెరడు లేపితే పిండి రాలిందా పురుగు పట్టినట్టు, పగుళ్ళు మెలి తిరిగాయా నార వంకర ఉన్నట్టు, అది వంచితే విరుగుద్ది. అవన్నీ చూసుకుని ఆఖర్న తట్టి చూడాలి. ఒకడు వేరు వైపు గొడ్డలి వెనకతో మూడు దెబ్బలు కొడతాడు, ఇంకొకడు కొస వైపు చెవి ఆనించి వింటాడు. లోపల పుచ్చుంటే మోత చెవి దాకా రాదు, గట్టిదైతే ఖంగుమంటది. అందుకే ఈ పనికి ఎప్పుడూ ఇద్దరు పోతారు, చీల్చాక తట్టినవాడికి ఒక బద్ద, విన్నవాడికి ఒక బద్ద. మా తాతల నాటి నుంచీ అంతే, ఎవడూ తప్పలేదు.

జోగయ్య తమ్ముణ్ణి వెంటేసుకుని నాలుగు రోజులు అడవంతా తిరిగాడు, ఏ చెట్టు చూసినా చెదలే. మిగిలింది పాతగూడెం బావి మీది తడ చెట్టు ఒక్కటి. అది గోడల మీద పడింది, నేలకి తగల్లేదు, అందుకే ఎండి బాగుందని ఆయన లెక్క. పెద్దోళ్ళు వద్దన్నారు. గత్తరొచ్చి పాతగూడెం అంతా పోయినప్పుడు కారం పోతయ్య అనే ముసలాయన ఒక్కడే మిగిలాడంట, ఆయనదీ విల్లుల పనే. తట్టే చెట్టు ఉంది గానీ వినేవాడు లేక, వాగు గట్టు దాకా వచ్చి, ఒక్కడు రండయ్యా, చెవి పెట్టి విని పోండి చాలు అని కేకలేసేవాడంట. రోగం అంటుకుంటదని మనోళ్ళు ఒక్కరూ పోలేదు. కొన్నాళ్ళకి కేకలు ఆగిపోయాయి, తర్వాత చూస్తే బావిలో తేలాడు.

ఇదంతా విన్నాక ఎవరు తోడు పోతారు చెప్పండి? జోగయ్య తమ్ముణ్ణి కూడా రావద్దని, ఒక్కడే పోయాడు. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు, పిట్ట లేదు. బెరడు లేపి చూశాడు, పిండి రాల్లేదు. నార చూశాడు, దారం పట్టినట్టు తిన్నగా ఉంది. ఒక్కణ్ణే ఎట్టా తట్టేది, ఎట్టా వినేదని ఆలోచిస్తా ఊరికే కొసకి చెవి ఆనించాడు. ఆనించాడో లేదో, ఖంగ్, ఖంగ్, ఖంగ్. మూడు దెబ్బలు.

తలెత్తి చూస్తే బావి అవతల, చెట్టు వేళ్ళ దగ్గర, ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. గొడ్డలి తన చేతిలోనే ఉంది.

పారిపోయి వచ్చేయొచ్చుగా? రాలేదు. అంత మంచి మోత పుట్టాక వినలేదంట. పనోడి బుద్ధి అది, ఏం చేస్తాం. గోడకి ఇవతల వైపు నిలువెత్తు ముక్క నరికి, అక్కడే నడిమికి చీల్చి, రెండు బద్దలూ భుజానేసుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

రెండు బద్దలూ. విన్నారా?

తమ్ముడికొకటి, తనకొకటి చెక్కడం మొదలుపెట్టాడు. దీన్ని చెక్కుతుంటే గోడకి ఆనించినది టక్కుమనేది, దాన్ని పట్టుకుంటే ఇది టక్కుమనేది. ఎండకి కట్టె బిగుస్తుందిలే అని తనకి తనే చెప్పుకున్నాడు, ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. పండగ నాడు ఎర్రయ్య ఆ విల్లు భుజాన తగిలించుకుని పోతుంటే ఊరంతా చూసింది, పెళ్ళాం అయితే గుమ్మంలో నిలబడి కనుమరుగయ్యేదాకా చూసింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎర్రయ్య లేడు. పక్కన నడిచినోళ్ళని అడిగితే, ఎవరో కట్టె తడుతున్నారు వినండి అన్నాడంట, వీళ్ళకేమీ వినబడలేదంట, వాడు మటుకు తల ఒక పక్కకి వంచుకుని చెట్లల్లోకి పోయాడంట. జోగయ్య ఇంకొకర్ని ఎటు పోయాడని అడగలేదు, పాతగూడెం వైపు పరుగు తీశాడు.

పోయి చూస్తే ఎర్రయ్య బావి మీద అడ్డంగా ఉన్న ఆ మొద్దు మీద బోర్లా పడుకుని ఉన్నాడు, కింద చీకటి, కాళ్ళు గాల్లో, చెవి కట్టెకి అతుక్కుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నవ్వుతున్నాడు. ఒరే తమ్ముడూ అని పిలిస్తే పలకలేదు. కాలు పట్టి లాగితే కదల్లేదు, అంత బలమైన జోగయ్య లాగినా కదల్లేదు. లాగినప్పుడల్లా ఇంకో జానెడు నడిమికి జరుగుతున్నాడు. మొద్దు లోపల మాత్రం ఆగకుండా ఖంగు ఖంగుమంటానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది జోగయ్యకి తను ఎత్తుకొచ్చింది ఎవరి బద్దో. భుజాన ఉన్న తన విల్లు తీసి, తట్టినవాడా, నీ బద్ద నీకే, నా తమ్ముణ్ణి నాకిచ్చెయ్యి అని ఏడుస్తా బావిలోకి వదిలాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు రాలేదు. కింద ఎవరో చేత్తో అందుకున్నట్టే ఉంది. మోత ఆగింది. ఎర్రయ్య ఒళ్ళు వదులైంది, లాగితే వచ్చేశాడు.

బతికాడు. డెబ్బై ఏళ్ళు నిండేదాకా బతికాడు, పిల్లల్ని కన్నాడు, పొలం దున్నాడు. చెవులు మాత్రం పోయాయి. ఉరిమినా వినబడేది కాదు. ఆ పోతయ్య ముసలాయన బద్ద తీసుకుని మనిషిని ఇచ్చాడు గానీ, చెవిని ఉంచుకున్నాడు. ఈ గుంజ ఉంది చూశారా, ఇక్కడ, నా తలెత్తున నున్నగా అయిపోయింది? రోజూ సాయంత్రం ఎర్రయ్య చెవి ఆనించి నిలబడ్డ చోటది. అట్టా నిలబడి, బాగుంది, బాగుంది అని తలూపేవాడు.

పేడనీళ్ళు పోస్తానన్న ఆ పెళ్ళాన్ని నేనే. ఆయన వేటకి పోయేటప్పుడు జాగ్రత్తగా రమ్మని చెప్పాలనుకున్నా, సిగ్గేసి చెప్పలేదు, వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నా. యాభై ఏళ్ళు పక్కనే ఉండి ఎన్నో చెప్పా, ఒక్కటీ ఆయనకి చేరలేదు. ఆ గుంజ చెప్పింది మాత్రం వినేవాడు.

అదీ సంగతి. ఆ మొద్దుకి ఇప్పటికీ చెద పట్టలేదంట, మొన్న కట్టెలకి పోయినోళ్ళు చెప్పారు. ఎవరన్నా అటు పోవాలనుకుంటే, ఇంట్లో వాళ్ళకి చెప్పాల్సిన మాటలన్నీ ముందే చెప్పేసి పోండి.