అభ్యంతరమ్మ ముక్కాలిపీట

ఆ పీట మీదా? కూర్చో అమ్మడూ, కూర్చో, విరగదు. నీకంటే బరువైనవాళ్లనే మోసింది. శుభలేఖ అక్కడ పెట్టు, కళ్లజోడు దొరికాక చదువుకుంటా. ఆ పీట ఎవరిదో తెలుసా? మీ అమ్మకి నాయనమ్మది. స్వయంగా అల్లుకుంది. మీ అమ్మ చెప్పలేదా? దానికేం తెలుసు, అప్పటికి చంకలో పిల్ల. ఊళ్లో పాతవాళ్లనడుగు, 'ఆఁ, అభ్యంతరమ్మా? కన్నకొడుకు పెళ్లి చెడగొట్టిన మనిషి' అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది, నాలుక చివరే ఆడుతోంది... వస్తుందిలే. ఈ మధ్య ఇలాగే ఉంది నా బతుకు. స్టవ్ మీద పాలు పెట్టి, పాలెక్కడున్నాయని ఇల్లంతా వెతుకుతా. అందుకే ఇవాళ నిన్ను కదలనివ్వను. నా తల్లోంచి ఇది కూడా జారిపోయిందనుకో, ఊరివాళ్ల మాటే మిగులుతుంది. అది జరగనివ్వను.

ఆ పెళ్లికూతుర్ని నేనే మరి. ఎందుకలా కళ్లింతలు చేస్తావు, నేనేమన్నా ముసలిదానిగానే పుట్టానా? రిజిస్ట్రారాఫీసులో పెళ్లి. పొడుగాటి గది, గోడవారగా పేము కుర్చీలు, అన్నీ ఆవిడ అల్లినవే. ఊళ్లో ఎవరి కుర్చీ అల్లిక తెగినా ఆవిడ షెడ్డుకే వెళ్లాలి. బల్ల వెనక ఆఫీసరుగారు, పాపం జలుబు, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని 'ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా' అన్నాడు. ఊరికే అడుగుతారు, ఎవరు జవాబు చెబుతారు? అప్పటికే కలం మూత తీసేశాడు. వెనక కుర్చీ కిర్రుమంది. 'నాకుంది.' తిరిగి చూస్తే, కాబోయే అత్తగారు! ఆవిడన్న మాట రోజూ నిద్ర లేవగానే ఒకసారి పైకి చెప్పుకుంటా, మర్చిపోకుండా. విను. 'నా కొడుకు చెయ్యి మంచిది కాదు. నా మీద లేచింది, రేపు ఈ పిల్ల మీద లేస్తుంది. కన్నదాన్ని కాబట్టి నేను భరించాను, ఈ పిల్లకేం ఖర్మ?' అంతే. ఏడవలేదు, అరవలేదు. గదంతా ఒక్కసారి గగ్గోలైంది. మా మేనత్తయితే, 'ఓసి నీ నోరు పడ! ఏ తల్లైనా కొడుకు పెళ్లి ఆపుతుందటే? మతి చలించిందర్రా ఈవిడకి!' మా నాన్నేమో పెద్దమనిషి గదా, 'చెల్లెమ్మగారూ, ఇంటి గుట్టు ఇక్కడెందుకండీ, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం' అన్నాడు. తర్వాతంటే ఎప్పుడు, సంతకాలయ్యాకా? ఇక వాడు, ఆ పెళ్లికొడుకు, నవ్వుతూ లేచాడు. తెల్ల చొక్కా, నిజం చెప్పొద్దూ, అందగాడే. 'మా అమ్మకి ఒంట్లో బాగుండట్లేదండీ, ఏమీ అనుకోకండి' అని, వెన్నలోంచి వెంట్రుక తీసినంత మెత్తగా, ఆవిడ మోచెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించాడు. నా పక్కనుంచే. ముఖం మీద నవ్వు నవ్వులాగే ఉంది, బొటనవేలు మాత్రం మోచేతి కీలులోకి దిగిపోతోంది. ఆవిడ పెదవి కూడా కదపలేదు. ఎంత అలవాటైతే అలా ఉండగలదు? ఆవిడ మాటలు నమ్మానో లేదో చెప్పలేను గానీ, ఆ వేలుని నమ్మాను. లేచి 'నాకూ' అన్నా. ఒక్క ముక్క. 'నాకూ ఉంది' అని పూర్తి చేసేలోపే ఆఫీసరుగారు ఒక తుమ్ము తుమ్మి, కలానికి మూత పెట్టేశాడు.

మాట అనడానికి ఎంతసేపు తల్లీ, మోయడం దగ్గరే ఉంది. ఇల్లు కొడుకు పేరున ఉందిగా, సాయంత్రానికి తాళం మారిపోయింది. ఆవిడ షెడ్డులోనే, విరిగిన కుర్చీల మధ్య పక్కేసుకుంది. పనీ ఆగిపోయింది. 'కొడుకు కాపురమే నిలబెట్టలేనిది మన కుర్చీలేం నిలబెడుతుంది' అని. వీధిలో పిల్లలు 'అభ్యంతరమ్మా, అన్నం తిన్నావా, దానికీ అభ్యంతరమేనా' అని వెంటపడేవాళ్లు. నేనేమో పెళ్లి ఆగిన పిల్లని. మా నాన్న నాతో మాట మానేశాడు, ఉప్పు కావాలన్నా గోడకి చెప్పేవాడు. ఉండబట్టలేక ఒకరోజు మా ఇంట్లో గట్టి కుర్చీకి నేనే చిల్లు పెట్టి, నెత్తిన ఎత్తుకుని ఆవిడ దగ్గరికి పోయా. 'ఏమ్మా, తిట్టడానికొచ్చావా?' 'కాదండీ, కుర్చీ.' వేలితో తడిమి, 'ఇది అరిగిన చిల్లు కాదే, కత్తెరతో కోసిన చిల్లు. కూర్చో' అంది. కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు. పేము నానబెట్టడం, చీల్చడం, బిగించడం అన్నీ అక్కడే నేర్చుకున్నా. జనం ఊరుకుంటారా, 'మొగుడు దొరక్కపోయినా అత్త దొరికిందే దీనికి' అనేవాళ్లు. ఆవిడ నవ్వేసి, 'అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, మొగుడు లేని కోడలు ఇంకా ఉత్తమురాలమ్మా, పని బాగా చేస్తుంది' అనేది.

ఏం చెబుతున్నా? ఆఁ, రెండో పెళ్లి. వాడు వేరే ఊరికి మారి, అక్కడే పిల్లని చూసుకున్నాడు. కబురు తెలిసి ఈవిడ బయల్దేరింది. 'మళ్లీ ఎందుకండీ, ఒకసారి పడింది చాలదా' అని కాళ్లావేళ్లా పడ్డా. 'నీకు చెప్పి ఆ పిల్లకి చెప్పకపోతే అదేం న్యాయమే?' అంది. కానీ వాడూ తెలివి మీరాడుగా, పెళ్లి రోజు ఆఫీసు గేటు దగ్గర ఇద్దరు మనుషుల్ని పెట్టాడు. లోపల ఆ ప్రశ్న అడిగే ఉంటారు. జవాబు చెప్పాల్సిన మనిషి రోడ్డు మీదుంది. ఆ పిల్లే మీ అమ్మమ్మ. ఇక చూడు ఈవిడ పట్టు! వారం వారం బస్సెక్కి వెళ్లి వాళ్లింటి ఎదురుగా నిలబడేది. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు. 'ఊరికే నిలబడితే ఏమొస్తుందండీ' అంటే, 'తలుపు తీసుకుని బయటికొస్తే ఎటు పోవాలో ఆ పిల్లకి కనబడొద్దూ?' అనేది. వాడు మేడ మీంచి బకెట్టుడు నీళ్లు గుమ్మరించాడు. తడి బట్టలతోనే వచ్చి అల్లిక అందుకుంది. మోకాళ్లు అరిగాక ఈ ముక్కాలిపీట అల్లుకుంది, చంకన పెట్టుకెళ్లి ఎదురుగా వేసుకుని కూర్చునేది. కొడుకు మీద బెంగ లేదా అని ఒకసారి అడిగా. పేము చీలుస్తూనే, 'వాణ్ని కన్నది నేనే కదే. ఇంకెవరు కూర్చుంటారక్కడ?' అంది. మళ్లీ అడగలేదు. ఒకరోజు చేతిలో పీట లేకుండా వీధి మలుపు తిరిగింది. చూద్దును కదా, పీట మీ అమ్మమ్మ చేతిలో ఉంది, మీ అమ్మ ఈవిడ చంకలో. మీ అమ్మమ్మ పెదవి చితికి ఉంది. నేను చాప మీద కొంచెం పక్కకి జరిగా, అంతే. అప్పట్నుంచే మీ అమ్మ నన్ను పెద్దమ్మా అనడం.

అదీ సంగతి. ఒక పెళ్లి ఆపింది, ఆపలేకపోయినదాని గుమ్మం ముందు కూర్చుంది. రేపు మీ అత్తవారింట్లో ఎవరన్నా అడిగితే ఇలాగే చెప్పు. ఏదీ, ఆవిడన్న మాట ఓసారి నువ్వు చెప్పు, వింటా. ఊఁ... ఊఁ... 'పడింది' కాదు, 'లేచింది'. ఆఁ, అదీ. ఇక పాలు మాడినా పర్లేదు. నీ పెళ్లికొస్తా. వద్దన్నా వస్తా. అబ్బాయి మంచివాడంటున్నావు, సంతోషం, మంచివాడే అవ్వాలి. అయినా సరే, ఈ పీట ముందు వరసలో వేసుకుని కూర్చుంటా. ఆ ప్రశ్న అడిగినప్పుడు అబ్బాయి వంక చూడను, నీ వంకే చూస్తా. కళ్లజోడు పెట్టుకునే వస్తాలే. నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఒక్కసారి నా వైపు తిరిగితే చాలు. మిగతాది... లే, ఓసారి లే. ఈ మూల అల్లిక వదులైంది, అప్పటికి బిగించాలి. ఆ బకెట్లో నీళ్లు పట్టుకురా, పేము నానాలి.