అద్దం అప్పజెప్పిన రోజు

హలో… ఆ, నేనే బావా. రాజాని.

వినబడుతోందా?… మంచె మీదున్నావా? దిగి ఇంటివైపు నడు. అక్కడ మాట తెగిపోతుంది.

నడుస్తూనే విను. ఇక్కడ ఒంటిగంట దాటింది. కొట్టు మూసేశారు, నాలుగింటిదాకా తియ్యరు. గదికొచ్చేశాను.

…ఇక్కడ వానేంటి బావా. దుమ్ము. పొద్దున లేచి చూస్తే ఆకాశమే లేదు. మన దగ్గర మాఘమాసంలో మంచు దిగదూ, అలా దిగింది. కాకపోతే మట్టి రంగు. సూర్యుడు లేచాడు గాని, కళాయి పోయిన గిన్నెలా ఉన్నాడు. ఎదురింటి మేడ మీద నీళ్ల ట్యాంకు కనబడలేదు. జుఫైర్ పేట వైపు అంత పెద్ద మేడలు, ఒక్కటీ లేదు.

…ఆ. దాని గురించే చేశాను.

పంపటం లేదు.

…

పంపటం లేదు బావా. నా దగ్గర లేదిప్పుడు.

…అమ్ముకోలేదు. నీకని దాచింది అమ్ముకుంటానా? కోప్పడు, పర్లేదు. కోప్పడుతూ నడు.

నీకు సగం సగం చెప్పాను. మొదట్నించి చెప్తాను. రెండు నెలల కిందట మా కొట్టుకి కాగితం వచ్చింది. తుపాకికి బిగించే సామాను, అంటే దూరం చూసే అద్దం, చప్పుడు చంపే గొట్టం, అలాంటివి ఇక అమ్మకూడదు. ముందే కొన్నవాళ్లు లైసెన్సులో ఎక్కించుకోవాలి. లేకపోతే తెచ్చి అప్పజెప్పాలి. ఇవాళ గురువారం, ఆఖరి రోజు.

…తుపాకి ఉంచుకోవచ్చు. దాని కంటికి వేరే కాగితం కావాలి.

నవ్వావు. నువ్వు నవ్వి ఎన్నాళ్లయింది… మేమూ నవ్వుకున్నాంలే మొదట్లో.

మాది డేగల కొట్టు కదా. డేగ కళ్లకి తొడిగే తోలు టోపీలు, చేతి తొడుగులు, ఎడారిలో వేసుకునే గుడారాలు. ఈ అద్దాలు ఓ మూల బీరువాలో ఉండేవి. ఏడాదికి పది పోతే గొప్ప. కాగితం వచ్చిన వారం చూడాలి నువ్వు, రేషను కొట్టు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు జనం. తుపాకి లేనివాడు కూడా కొన్నాడు. ఎందుకయ్యా అంటే, రేపు దొరకదు కదా అంటాడు. పొద్దున ఓ ధర, సాయంత్రం ఓ ధర చెప్పాడు మా కొట్టు యజమాని, కఫీల్. ఎంత చెప్తే అంత పెట్టారు.

…తర్వాతేముంది. మూడో వారానికి వాళ్లే తిరిగొచ్చారు, వెనక్కి తీసుకోమని. ఎవరు తీసుకుంటారు? మా వాడు వినబడనట్టు గుడారాలు మడత పెట్టుకున్నాడు.

ఆ తర్వాత విప్పించుకునేవాళ్లు మొదలయ్యారు. లైసెన్సు తుపాకులు సంచుల్లో పెట్టుకొని వచ్చేవాళ్లు. విప్పడం నా పని. నాలుగు మరలు. విప్పాక ఇనుము మీద నాలుగు చుక్కలు మిగులుతాయి బావా. గాలి తగలని చోటు కదా, కొత్తగా మెరుస్తుంటుంది. ఎంత తుడిచినా పోదు.

ఓ ముసలాయన వచ్చాడు. వాళ్ల నాన్న ముత్యాల పడవల మీద పోయేవాడట. తుపాకి ఆ నాన్నదే. అద్దం విప్పి ఇస్తే పుచ్చుకోలేదు. ఉత్త తుపాకి భుజానికెత్తి గోడ మీద గడియారం వైపు చూశాడు. దించి, ఖలాస్ అన్నాడు. అద్దం పట్టుకున్న నా వేళ్లు మూసి, వెళ్లిపోయాడు. అది కొట్టు సరుకు కాదు, ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఉంచుకుంటే అడిగేవాడు లేడు.

అదే నీకని చెప్పింది. గదిలో బియ్యం డబ్బాలో పెట్టాను.

…ఆ, మా గదిలో ఉండే శాంసన్ రేపు వస్తున్నాడు ఊరికి. పొట్లం కూడా కట్టేశాను. లుంగీలో చుట్టి ఖర్జూరాల పెట్టెలో పెట్టాను. ఏముందిరా అని కూడా అడగలేదు వాడు. ఇక్కడ ఎవరు ఊరికి పోయినా పదిళ్ల సామాను మోసుకుపోతాం. ముడి విప్పం. ఆ నమ్మకం మీద వాణ్ణి విమానాశ్రయంలో పోలీసులకి పట్టించేవాణ్ణి.

…అందుకొక్కదానికే కాదు.

అదీ నిజమే. వేరే దారిన పంపొచ్చు. అందుకు కాదు బావా.

ఎక్కడిదాకా వచ్చావు?… కల్లం దగ్గర కూర్చో అయితే. కూర్చొని విను.

నీకా అద్దం చేలో పడే పందుల కోసం కాదు.

…

అక్క చెప్పింది. కోర్టు నుంచి తుపాకి తెచ్చుకున్నాక పొద్దుటే మంచె ఎక్కుతున్నావట. తూటా పెట్టవట. ఊరికే మొక్కజొన్నలోకి గురిపెట్టి కూర్చుంటావట. పందులు వచ్చి తిని పోతున్నా చూస్తుంటావట.

ఆ అద్దం ఉండుంటే, వచ్చేది పంది కాదు, మా మణి అని తెలిసేదా, తెలిసేది కాదా. అదే కదా నీక్కావలసింది.

…

ఉన్నావా?

…సరే. మాట్లాడకు. నేను చూశాను. అది చెప్పాలనే చేశాను.

ఇవాళ పొద్దున చెప్పాను కదా దుమ్ము అని. మేడ ఎక్కి, పొట్లం విప్పి, అద్దం పిట్టగోడ మీద ఆనించి చూశాను. కింద రోడ్డు. మన మంచెకీ గట్టుకీ ఎంత దూరం ఉంటుందో, అంతే ఉంటుంది. దుమ్ములో ఎవడో వస్తున్నాడు. చేతిలో ఏదో వేలాడుతోంది. ఆ అద్దం మనిషిని దగ్గరికి తెస్తుందనుకున్నాను. దుమ్మును దగ్గరికి తెచ్చింది. మధ్యలో కూడిక గుర్తులా గీతలుంటాయి. అవి వాడి ఛాతీ మీద నిలబడ్డాయి. నా వేలు దానంతటదే ముడుచుకుంది బావా. తుపాకి లేదు. ఉత్త అద్దం. అయినా ముడుచుకుంది.

దగ్గరికి వచ్చాక చెయ్యి ఊపాడు. శాంసన్. హోటలు డ్యూటీ దిగి రొట్టెలు పట్టుకొస్తున్నాడు.

మూడేళ్లుగా పక్క మంచం మీద పడుకునే మనిషి. వాడు దగ్గితే ఏ గదిలో ఉన్నా పోలుస్తాను. అద్దంలో పోల్చలేదు.

నీకూ తెలిసేది కాదు. అద్దం ఉన్నా తెలిసేది కాదు.

…

లేదు. నీ మనసు కోసం అల్లి చెప్పడం నాకు రాదు. అంత మాటకారినైతే ఇక్కడ మరలు విప్పుతూ ఎందుకుంటాను?

అప్పుడే తీసుకెళ్లి కఫీల్ సామానుతో కలిపి స్టేషనులో అప్పజెప్పేశాను. పెద్ద టేబులు మీద వరసగా పెట్టించారు. అన్నీ మా వైపే చూస్తున్నట్టున్నాయి. రసీదిచ్చారు. అరబ్బీలో ఉంది, ముద్ర ఒక్కటే నాకు తెలిసింది.

…

బావా, ఇంకోటుంది.

ఇంకోటుందని చెప్తున్నాను, నువ్వు లేవకు. ఇది నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున మణి నాతో మాట్లాడుతున్నాడు.

…గట్టు ఎక్కకముందు పెట్టేశాడని పోలీసులకి చెప్పాను. అబద్ధం. పెట్టలేదు.

నేనప్పుడు పాత కంపెనీలో, క్యాంపులో ఉన్నాను కదా. ఇక్కడింకా చీకటే, డ్యూటీ బస్సు ఎక్కుతున్నాను. వాడే చేశాడు. రాత్రంతా కాపలా కాసి బావ ఆకలితో ఉంటాడని అక్క వేడన్నం ఇచ్చి పంపింది, మోసుకుపోతున్నాను అన్నాడు. కారియర్‌లో ఏముందో చెప్పాడు. వంకాయ, ఎండురొయ్యలు. మొగుడికైతే గిన్నెడు వేసింది, తమ్ముడినని నాకు తోక కూడా పెట్టలేదు అన్నాడు. నవ్వుతున్నాడు.

గట్టు చుట్టూ పోతున్నానురా, మంచు బాగా ఉంది అన్నాడు.

నేను… అడ్డంగా పోరా చేలోంచి అన్నాను. అన్నం చల్లారిపోతుంది అన్నాను.

…

నా మాట మీదే దిగాడు. ఆకులు రాసుకోవడం వినబడింది. తర్వాత నీ తుపాకి వినబడింది.

…

…

ఏడువు. నేను ఉంటాను.

…

కట్ చెయ్యలేదు బావా నేను. చెవి దగ్గరే పెట్టుకున్నాను. నువ్వు పరుగెత్తుకు రావడం విన్నాను. పందనుకున్నానురా మణీ, పందనుకున్నానురా అన్నావు. ఏడుసార్లు. ఏడోదాని దగ్గర వాడి ఫోను చార్జింగ్ అయిపోయింది.

బస్సులో నలభైమంది ఉన్నారు. ఒక్కరికీ చెప్పలేదు. దిగి పొద్దుగూకేదాకా ఇనుపచువ్వలు కట్టాను. డ్యూటీ అయ్యాక అక్క ఫోను చేసి చెప్తే, అప్పుడే విన్నట్టు ఏడ్చాను.

…ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను. చేలోకి దింపింది నేనని చెప్పాల్సొస్తుందని. అంతే. దానికోసం నిన్ను వదిలేశాను.

ఊళ్లో అన్నారు. పేరయ్యకీ బావమరిది మణికీ అరెకరం దగ్గర గట్టు తగాదా ఉంది, మంచు ఓ సాకు అన్నారు. నాకూ తెలిసింది. కోర్టు కొట్టేసినా ఊరు కొట్టెయ్యలేదు. అక్క కూడా… అక్క ఏమీ అనలేదు. అదే కదా. నీకు వడ్డించి గుమ్మంలోకి పోతుందట. నువ్వు కంచం పట్టుకొని పాక వెనక్కి పోతావట. నాలుగేళ్లు.

ఒక్కమాట నేను చెప్పుంటే మీరిద్దరూ ఒకచోట తినేవాళ్లు.

…నన్నేమీ అనవా?

అను. ఏదో ఒకటి అను బావా.

…

సరే. లే. ఇంటికి నడు. అక్క ఉందా ఇంట్లో?… పిలు. ఫోను స్పీకర్‌లో పెట్టు. నువ్వు పక్కకి పోకు, అక్కడే ఉండు.

ఏంటా చప్పుడు?… తుపాకి గోడకి ఆనించావా. సోమవారం దాన్ని కూడా స్టేషనులో ఇచ్చేసి రసీదు తీసుకో.

…

అక్కా. నేనే, రాజాని. బాగానే ఉన్నాను. కూర్చో.

బావ ఎందుకేడుస్తున్నాడో నేను చెప్తాను. అడ్డురాకు.

మణి పోయినప్పుడు నేను ఫోన్‌లో ఉన్నాను. అవును, ఆ టైముకే. గట్టు మీద పోయేవాణ్ణి చేలోకి దింపింది నేను. తర్వాతదంతా విన్నాను. బావకి తెలియదు అక్కా. పంది అనుకున్నాడు. ఏడుసార్లు అన్నాడు, నా చెవిలో అన్నాడు. గట్టూ లేదు, తగాదా లేదు. కావాలంటే ఊరి మధ్య నిలబడి చెప్తాను, నెలలో వచ్చేస్తాను.

…

అక్కా?

…వాడికి కూర పెట్టలేదనా?… ఆ, అన్నాడు. తోక కూడా పెట్టలేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నీ మీద కోపం లేదు.

…

తిట్టు. వచ్చాక కూడా తిట్టు.

…

మీరు అన్నాలు తిన్నారా?… మూడున్నర దాటిందే అక్కడ. బావ తినలేదు, నాకు తెలుసు. నువ్వూ తినలేదు. నేనూ తినలేదు.

ఇవాళ వంకాయ ఎండురొయ్యలు వండాను. ఆ కూర మీ పొయ్యి మీదికి మళ్లీ ఎక్కలేదని తెలుసు. నేనూ ముట్టలేదు ఇన్నాళ్లూ. రొయ్యలు శాంసన్ ఎక్కడో పట్టుకొచ్చాడు.

మీ దగ్గరేముంది?… పప్పుచారు చాలు. వేడి చెయ్యక్కర్లేదు. చల్లారితే చల్లారింది.

రెండు కంచాలు వసారాలోనే పెట్టు అక్కా. పక్కపక్కన. పాక వెనక్కి పోనివ్వకు.

పెట్టావా?…

బావా, కూర్చో.

నేనూ వడ్డించుకున్నాను. ఫోను కంచం పక్కన పెడుతున్నాను. మీరూ మధ్యలో పెట్టుకోండి. ఎవరూ ఏమీ మాట్లాడొద్దు. కట్ కూడా చెయ్యొద్దు.

…

…

ఆ. గాజులు వినబడుతున్నాయి. కూర్చుంది.

…

…

…